అత్తమ్మ కారుతో మాట్లాడేది

పోయిన నెల ఒక సోమవారం పొద్దున్నే మా బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అమ్మ పోయింది" అన్నాడు. తర్వాత వాడే, "నిద్రల్నే పోయింది. ఏం తిప్పల పడలే" అన్నాడు. నా భార్యకు ఎట్లా చెప్పాలా అని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఆమె నా ముఖం చూసి పొయ్యి ఆర్పేసింది.

మా అత్తమ్మకు ఎనభై దాటాయి. నిండు బతుకు బతికింది, మనవలనూ మునిమనవలనూ చూసింది అని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నిజమే. కాని నాకు ఆమె అత్తమ్మ మాత్రమే కాదు, గురువు. పాత కారును బాగుచేయడం నాకు నేర్పింది ఆమె. జన్మలో స్టీరింగు పట్టింది లేదు, అక్షరం ముక్క రాదు. పైగా ఆ నేర్పినన్నాళ్ళూ ఆమె నాతో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. చదివేవాళ్ళు నన్ను అనుమానించే ముందు కారు సంగతి చెప్పేస్తాను.

డెబ్బైలు పోయి ఎనభైలు వస్తున్న రోజులు. మా పెళ్ళయి ఆరు నెలలు. మాది రఘునాథపల్లి, నేను హనుమకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. ఇంగ్లీషు వచ్చినవాడికి లోకంలో రానిది ఉండదని అప్పట్లో నా గట్టి నమ్మకం. అక్కడ మా వీధి చివర ఒక రిటైరైన డాక్టరుగారి ఆవరణలో, టాపు లేని రెండు సీట్ల కారు ఒకటి నాలుగేళ్ళుగా కదలకుండా పడి ఉండేది. ఇంగ్లండులో తయారైంది, దాదాపు నా ఈడుది. ఎరుపు రంగు వెలిసి ఇటుక రంగుకు వచ్చింది, సీట్లలో ఉడుతలు కాపురం పెట్టాయి. దాని పొడుగాటి ముక్కు చూసి నాకు మతి పోయింది. డాక్టరుగారికి తిరగడానికి ఏదైనా చిన్న బండి కావాలి. నా స్కూటర్ ఆయనకిచ్చి, ఆ కారునూ దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్నీ తెచ్చుకున్నాను. పుస్తకం ఉన్నప్పుడు ఇక మెకానిక్కు ఎందుకు?

మా అద్దె గదికి చాప పరిచేంత జాగా కూడా బయట లేదు. వరంగల్ బజారులో మా మామ ఇనుప సామాను దుకాణం వెనకాల గోదాం, దాన్ని ఆనుకునే వాళ్ళ ఇల్లు ఉన్నాయి. కారును ఎడ్లబండికి తాడుతో కట్టి, హనుమకొండ నుంచి అక్కడి దాకా లాక్కొచ్చాం. నేను స్టీరింగు ముందు కూర్చుని, ఎడ్లు ఎటు లాగితే అటు ఊరేగాను. మర్నాటికి దుకాణానికి వచ్చిన ప్రతివాడిదీ ఒకటే పరాచికం: "నడిచే స్కూటరిచ్చి నడువని కారు తెచ్చుకున్నడట గదా సేటూ, మీ అల్లుడు?"

మా మామ కోపం చూపలేదు. కొత్త అల్లుణ్ణి ఏమంటాడు? గడువు మాత్రం పెట్టాడు. "మిరుగు లోపట నడిస్తె మంచిదే. మిరుగు పడ్డదంటె నాగళ్ళ కర్రులు, పారలు దిగుతయి, జాగ కావాలె. అప్పటికి నడువకుంటె తూకానికేద్దాం, ఏమనుకోకుండ్రి" అన్నాడు. అప్పుడు హోళీ వెళ్ళి వారమైంది. మిరుగంటే మృగశిర కార్తె, దానికి మూడు నెలలు కూడా లేదు.

ఆ ఇంట్లో అత్తలు అల్లుళ్ళతో ఎదురుగా మాట్లాడరు. నేను వస్తే అత్తమ్మ తల మీదికి కొంగు లాక్కుని తలుపు వెనక్కు పోయేది. చాయ్ తాగమని చెప్పాలన్నా నా భార్యతో, "ఆయన్ను చాయ తాగుమను" అనేది. నేను నాలుగడుగుల దూరంలోనే ఉండేవాణ్ణి, ఆ మాట నాకు వినిపించేది. అయినా నా భార్య దాన్ని మళ్ళీ చెప్పాలి, నేను అప్పుడే విన్నట్టు తలూపాలి.

అట్లా ఒకనాడు కారు కింది నుంచి ఒక బోల్టు పీకి గుమ్మం దగ్గర పెట్టాను. తలుపు సందులోంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది. కాసేపటికి నా భార్య, "అమ్మ అంటాంది, చూడీ పోయిందట" అన్నది. నేను చేతిలో పని ఆపి, "అయ్యో, ఎవరి బర్రెది?" అన్నాను. మా ఊళ్ళో చూడి అంటే పశువు కడుపుతో ఉండటం, చూడి పోయిందంటే దూడ దక్కలేదని. తలుపు వెనక నవ్వు కొంగులో కుక్కుకున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. ఇనుప బజారులో చూడీ అంటే బోల్టు మీద చుట్లు చుట్లుగా ఉండే మర. దక్కనీ ఉర్దూలో అది గాజుల పేరు, బోల్టుకూ పెట్టుకున్నారు. ఆ దెబ్బతో బజారంతా నన్ను బర్రెల సారు అంటుందేమోనని భయపడ్డాను గాని, ఆ ముచ్చట గుమ్మం దాటలేదు.

కొన్నాళ్ళకు నా భార్య విసిగిపోయింది. ఆమెకు బీయే పరీక్షలు దగ్గరపడ్డాయి. "మీ ఇద్దరి నడుమ నా గొంతు పోతాంది. చదువుకోవద్దా నేను?" అని పుస్తకాలు పట్టుకుని మేడెక్కింది. ఇక మాటలు మోసేవాళ్ళు లేరు. నేనేమో ఎడమ వైపు ముందు చక్రం నట్లు విప్పలేక రెండు రోజులుగా పానా మీద ఎక్కి గంతులు వేస్తున్నాను. మూడో రోజు మధ్యాహ్నం అత్తమ్మ చాటలో మొలలు, అంటే మేకులు, ఏరుకుంటూ గోదాంలోకి వచ్చింది. నా వైపు చూడలేదు. కారు ముందర నిలబడి, దానితోనే మాట్లాడింది.

"ఏమమ్మా, నీ ఎడమ కాలు నట్లు ఊడుతలేవా? ఎట్ల ఊడుతయి? నిన్ను తెచ్చినాయన ఊడదీస్తలేడు, బిగిస్తాండు. సైకిలు ఎడమ పెడలు లెక్క నీది ఉల్టా చూడీ."

నేను పానాను రెండో వైపు తిప్పాను. నట్టు వదులైంది. సాయంత్రం గదికి పోయి పుస్తకం తిరగేస్తే అందులోనూ అదే ఉంది. ఇంగ్లీషు సారు ఆ పేజీ చదవలేదు.

ఆనాటి నుంచి అత్తమ్మ కారుతో మాట్లాడేది. నేనూ కారుతోనే జవాబు చెప్పేవాణ్ణి. "కారూ, నీ పెట్రోలు ట్యాంకు నిండా తుప్పేనే" అని నేనంటే, "గుప్పెడు కంకర పోసి ఊపుమను, బిందె తోమినట్టు పోతది" అని ఆమె దానితో అనేది. మా మామ దుకాణంలోంచి విని, "ఇద్దరు గలిసి ఇనుముతోని ముచ్చట పెడ్తాండ్రు" అని వచ్చినవాళ్ళతో చెప్పుకునేవాడు.

ఆమెకు అంత తెలివి ఎక్కడిదని చాలామంది అడిగారు. దుకాణం వెనక గదిలో చిన్న పీట మీద కూర్చునేది. ముందు రెండు వరసల రేకు డబ్బాలు. ఒక వరస పాత చూడీ, అంటే ఇంచుల లెక్కది. ఇంకోటి కొత్త చూడీ, మిల్లీమీటర్లది. పాలంపేట దిక్కు ఊళ్ళ నుంచి కూడా రైతులు విరిగిన ముక్క తువ్వాలలో చుట్టుకుని వచ్చేవారు. ఆమె దాన్ని చూసేది కాదు. ఎటో చూస్తూ బొటనవేలి గోరు దాని మీద ఒక్కసారి నడిపి, రెండో చేత్తో డబ్బా తీసేది. "కండ్లు మోసం జేస్తయి, గోరు చెయ్యది" అనేది. నా కారుది పాత చూడీ అని మొదటి రోజే ఆ గోటితో కనిపెట్టింది.

నేను విప్పిన ముక్కలన్నీ గోదాం నేల మీద చిందరవందరగా ఉండేవి. ఒకరోజు వచ్చేసరికి తన పాత చీర ఒకటి పరిచి ఉంది, ముక్కలన్నీ దాని మీద వరసగా ఉన్నాయి. కారుతో చెప్పింది: "ఏది ముందుగాల ఊడితె అది ముందు పెట్టాలె. మనిషికి యాది ఉండది, వరుసకుంటది." నేను ఇప్పటికీ ఇంట్లో ఫ్యాను విప్పినా పాత దుప్పటి పరుస్తాను.

అన్నింటికన్నా ఎక్కువసార్లు అన్న మాట ఇంకోటి ఉంది. "నట్టు ఏలుతోని ఎక్కాలె, పానాతోని బిగియాలె. ఏలుతోని ఎక్కనిదాన్ని పానాతోని ఎక్కియ్యద్దు." నాకు చెయ్యి దురుసు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

బాగుచేయడంతో ఆగితే బాగుండేది, నాకు సోకులు కూడా కావాలి. లారీలకు సీట్లు కుట్టే అతనితో నల్ల రెగ్జిను సీట్లు చేయించాను, లారీ టార్పాలినుతో మడిచే టాపు కుట్టించాను. రేడియేటరుకు బెజ్జాలు పడితే పెంబర్తికి మోసుకుపోయాను. అక్కడి ఇత్తడి పనివాడు వాటిని పూడ్చి, మూత పోయిందంటే కొత్త మూత చేసి, అడగకుండానే దాని మీద ఒక తామర పువ్వు చెక్కి ఇచ్చాడు. ఇంగ్లండు కారుకు కాకతీయుల ముక్కుపుడక పెట్టినట్టు ఉండేది, ఎంత బాగుండేదో. ఇవన్నీ అత్తమ్మకు నచ్చాయి. లారీ హారన్ మాత్రం నచ్చలేదు. "చీమకు ఏనుగు గొంతు పెడ్తాండు నిన్ను తెచ్చినాయన" అని కారుతో అన్నది. పట్టించుకోకుండా బిగించి ఒక్కసారి మోగించాను. బజారులో ఒక ఎద్దు తాడు తెంపుకుని పరిగెత్తింది, దాన్ని పట్టుకోవడానికి పోయినవాళ్ళలో నేనూ ఉన్నాను. హారన్ విప్పేశాను.

ఏప్రిల్ చివర ఒక ఆదివారం ఇంజను పలికింది. హ్యాండిలు తిప్పీ తిప్పీ భుజాలు పడిపోయాక, రెండు తుమ్ములు తుమ్మి అందుకుంది. అత్తమ్మ వంటింట్లోంచి పిండి చేతులతోనే వచ్చి కొంచెంసేపు విన్నది. "నలుగురు దంచుతాంటె ఒకామె రోకలి తప్పినట్టున్నది నీ చప్పుడు" అన్నది కారుతో. నాలుగు ప్లగ్గుల్లో ఒకదాని తీగ వదులుగా ఉంది. దాన్ని నొక్కగానే దంపుడు కుదిరింది. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా కలగలేదు.

ఆ కారును ఆరేళ్ళు నడిపాను. ఇద్దరు పిల్లలు పుట్టాక రెండు సీట్లు చాలక, ముచ్చటపడ్డవాళ్ళకు ఇచ్చేశాను. మామ పోయిన తర్వాత దుకాణం అత్తమ్మే నడిపింది, చేతులు వణకడం మొదలయ్యేదాకా. దవాఖానలో ఆఖరుసారి చూసినప్పుడు నీళ్ళ సీసా మూతను రెండు వేళ్ళతో మెల్లగా తిప్పుతూ పడుకుని ఉంది. "ప్లాస్టిక్కుకు గూడ చూడీ మంచిగనే పెడ్తాండ్రు" అన్నది, నాతోనే, నా ముఖం చూస్తూ. అప్పటికి ఆమె నాతో నేరుగా మాట్లాడటం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది.

ఆ మొదలు ఎట్లా జరిగిందో ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. అత్తమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు, అది ఆమె పెద్దమనసు. ఇప్పుడు ఆమె లేదు. ఇక చెప్పాల్సింది నేనే.

ఆ ఏడు మిరుగుకు ఇంకా రెండు రోజులుంది. బ్రేకులు పట్టాయి, లైట్లు వెలిగాయి. స్టీరింగు తిప్పితే ముందు చక్రాలను తిప్పే కడ్డీ ఒకటి ఉంటుంది. దాన్ని చక్రానికి పట్టి ఉంచే నట్టు బిగిస్తుంటే చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పోయి మొలల కుప్పలో పడింది. ఆ కుప్పలో ఇనుప ముక్కలు వేలకు వేలు. సాయంత్రం దాకా ఇంట్లోవాళ్ళు చూస్తుండగానే వెతికాను, దొరకలేదు. పాత చూడీ డబ్బాలో ఆ సైజుది అయిపోయింది, హైదరాబాదు నుంచి రావాలి. కొత్త చూడీ డబ్బాలో చూస్తే చూపుకు అదే సైజుది ఒకటి కనిపించింది. వేలితో రెండు చుట్లు ఎక్కి ఆగిపోయింది. నేను చుట్టూ చూశాను. గోదాంలో ఎవరూ లేరు. పానా పెట్టి బలంకొద్దీ తిప్పాను. కిర్రుమని చప్పుడు చేస్తూ ఎక్కింది. అది చూడీ చెడే చప్పుడని, ఆ నట్టు ఊడితే చక్రం స్టీరింగు మాట వినదని నాకు తెలుసు. ఇప్పటికి గడువు గట్టెక్కితే చాలు, అసలుది వచ్చాక మార్చుకుందాం అనుకున్నాను.

మర్నాడు పదింటికి కారును దుకాణం ముందుకు తెచ్చాను. బజారు సగం అక్కడే ఉంది. నా భార్య పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఆమెను ఎక్కించుకుని హనుమకొండ దాకా పోయి రావాలని మా ఇద్దరి ముచ్చట. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది. అప్పుడు అత్తమ్మ గడపలోంచి కూతురితో, "నిన్న కిందపడ్డ నట్టు దొరికిందా అడుగు" అన్నది.

అందరూ నా వైపే చూస్తున్నారు. మామ కూడా. "దొరికింది. అదే బిగించిన" అన్నాను.

అత్తమ్మ గడప దిగి వచ్చి కూతుర్ని పక్కకు జరిపింది. "జర ఆగు బిడ్డా. ముందుగాల నేను కూసుంట" అన్నది. మామ, "ఏం పనే అది, నలుగురు చూస్తాండ్రు" అన్నాడు. "చూడనియ్యుండ్రి" అని, తలుపు తీసుకుని నా పక్కన కూర్చుంది. కారుకు ఉన్నవి రెండే సీట్లు. మా మధ్య మాట చేరవేసే మనిషి కూర్చునే చోటు లేదు.

బండి కదిలించాను. బజారులో జనం పక్కకు జరిగి నవ్వారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె ఎదురుగా రోడ్డునే చూస్తూ కూర్చుంది. ఒక చెయ్యి తలుపు మీద ఉంది, ఇంకో చెయ్యి కొంగు ముడిని పట్టుకుంది. బజారు దాటి రైలు కట్ట పక్కకు మళ్ళాం. అటు నుంచి ఒక లారీ వస్తోంది. నా వల్ల కాలేదు. బండి పక్కకు తీసి, ఇంజను ఆపేశాను.

"అత్తమ్మా, అది ఆ నట్టు కాదు" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. పెళ్ళయ్యాక ఆమె ముఖాన్ని నేను ఎదురుగా చూడటం అదే మొదటిసారి. "ఎరుకే" అన్నది. కొంగు ముడి విప్పింది. అందులో నా నట్టు ఉంది. "పొద్దుగాల మొలలేరుతాంటె దొరికింది. నీకిద్దామనే అడిగిపిచ్చిన. నువ్వు దొరికిందంటివి."

"మరి తెలిసీ ఎందుకు ఎక్కిండ్రు?" అన్నాను.

"గంత మందిల నా అల్లుడు అబద్ధమాడిండని ఎట్ల చెప్త? చెప్పకుంట బిడ్డనెట్ల ఎక్కనిస్త? నేను కూసుంటె ఆపుతవనుకున్న. ఆపినవ్."

"ఆపకపోతే?"

"ఆపకపోతె, బిడ్డనిచ్చింది ఎసుంటోనికో నాకు ఎరుకయితుండె" అన్నది. కోపంగా అనలేదు. చాయ్ తాగమన్నట్టే అన్నది.

ఆమె నన్ను మీరు అనలేదు, నువ్వు అన్నది. ఆ నువ్వు కోసం ఇంకో కారునైనా మొదటి నుంచి విప్పడానికి నేను సిద్ధమే.

దిగి, రోడ్డు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాం ఇద్దరం. సీటు కింది పానా తీసి నేను తప్పు నట్టు విప్పాను. ఆమె గోటితో కింది మరను తడిమి చూసింది. "నట్టు మెత్తది, అదే చెడింది. నీ బోల్టు బతికే ఉన్నది" అన్నది. కొంగుతో దాన్ని తుడిచి, అసలు నట్టును పెట్టి రెండు వేళ్ళతో తిప్పింది. అది అడ్డం లేకుండా చివరిదాకా ఎక్కింది. "ఇగ బిగియ్యి" అని పానా నా చేతికిచ్చింది. తప్పు నట్టును తన కొంగులో ముడేసుకుంది. తర్వాత దాన్ని ఏం చేసిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తిరిగి దుకాణం ముందు ఆపాను. మామ దగ్గరికి వచ్చి, "ఎట్లున్నది?" అని ఆమెను అడిగాడు. "మంచిగున్నది. జర కుదుపున్నది, గంతే" అన్నది. దిగి, జారిన కొంగును తల మీదికి లాక్కుంది.

"ఎక్కు బిడ్డా" అన్నది కూతురితో.

"చూసినవా అమ్మా?" అని నా భార్య నవ్వుతూ అడిగింది.

"చూసిన" అన్నది అత్తమ్మ. కారు గురించే అన్నదనుకున్నారు అందరూ.

కూతురు ఎక్కాక తలుపు మూసి, సరిగ్గా పడిందో లేదో అని అరచేత్తో గట్టిగా నొక్కింది. చేతికి గ్రీజు ఉన్న సంగతి మరిచిపోయినట్టుంది. వెలిసిన ఎర్ర రంగు మీద ఆమె అయిదు వేళ్ళూ నల్లగా పడ్డాయి. మామ భుజం మీది తువ్వాలతో తుడవబోయాడు. "ఉండనియ్యుండ్రి, ఆలిశమైతాంది, పోనియ్యుండ్రి పిల్లలను" అన్నది. ఆ గుర్తుతోనే బయలుదేరాం.